పాచికలును లెక్కయు: మానవజీవితమున ఆటకు గల స్థానము

మన గ్రంథాలయము స్థాపింపబడి ఇరువదియైదు సంవత్సరములు నిండిన శుభసందర్భమున వెలువడు ఈ సంచికకు నన్నొక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు కోరిరి. నేను పండితుడను గాను. ఊరి లెక్కలు, సహకార సంఘపు చిట్టా ఆవర్జాలు వ్రాసికొనుచు, తీరిక వేళల ఈ గ్రంథాలయపు బీరువాలలోని భారత భాగవతములను, చరిత్ర గ్రంథములను గురువు లేకయే చదివికొన్నవాడను. నాకు తెలిసినవి రెండే: లెక్క యొకటి, పాతపుస్తకము రెండవది. ఆ రెండును కలిసికొను చోటు ఎక్కడ యని ఆలోచింపగా నాకు తోచినది ఆట. లెక్కలవాడు ఆటను గూర్చి వ్రాయుట వింతగా తోచవచ్చును. అందుకు కారణమును మొదటనే చెప్పుట న్యాయము.

మా తాతగారు ఈ గ్రామ కరణము. కరణముల పదవులు 1984లో రద్దయినవి గాని, ఆయన చేతివ్రాత కాగితములు కొన్ని మా యింట నేటికిని గలవు. వానిలో ఒక క్రయ దస్తావేజు నకలు కలదు. చెరువు క్రింది ఎకరము ముప్పది సెంట్ల మాగాణి, నాలుగు హద్దులతో సహా, ముత్యములవంటి అక్షరములతో వ్రాయబడినది. విక్రయమునకు కారణము 'కుటుంబ అవసరముల నిమిత్తము' అని యున్నది. ఆ కుటుంబ అవసరము సంక్రాంతి మూడునాళ్ళ పేకాట యని మా నాయనమ్మ చెప్పగా వింటిని. ఆ భూమి గట్టుమీదుగా నడుచునప్పుడెల్ల ఆమె తల త్రిప్పుకొనెడిది. మా తండ్రిగారు అందువలన ఇంటిలో గవ్వ కనబడనిచ్చెడివారు కారు. మా అక్కలు నేలమీద గీసికొన్న అష్టాచెమ్మ గడులను ఒకనాడు నీళ్ళు పోయించి చెరిపించిరి. నేను అట్టి యింట పెరిగినవాడను.

పదునైదు సంవత్సరముల క్రిందట మన యువకులు కొందరు ఒక చదరంగపు బల్లయు, ఒక క్యారమ్సు బల్లయు తెచ్చి, గ్రంథాలయపు వసారాలో ఉంచెదమనిరి. కార్యవర్గ సమావేశమున నేను గట్టిగా ఎదిరించితిని. ఇది సరస్వతీ నిలయము గాని జూదగృహము కాదంటిని. నా మాట నెగ్గినది. బల్లలు రెండును బీరువా వెనుకకు పోయినవి. ఆనాడు నేను పలికినది సరియైన మాటయేనా యను సందేహము మాత్రము నన్ను విడువలేదు. ఈ వ్యాసము ఆ సందేహమునకు నేను పుస్తకములలో వెదకికొన్న సమాధానము.

ఆటల చరిత్ర యంతయు చెప్పుటకు నాకు శక్తియు లేదు, సంచికలో చోటును లేదు. కావున ఒక్క పాచికను మాత్రము వెంబడించెదను. అది మనలను చాల దూరము తీసికొనిపోవును.

సింధునదీ తీరమున మొహెంజోదారో త్రవ్వకములు 1922లో ఆరంభమైనవి. అచ్చటను, హరప్పాలోను ఆరు ముఖముల పాచికలు దొరకినవి. అవి నాలుగువేల సంవత్సరములకు పైబడినవి. నేటి పాచికలో ఎదురెదురు ముఖముల చుక్కలను కూడినచో ఏడు వచ్చును. మొహెంజోదారో పాచికలలో ఒకటికి ఎదురుగా రెండు, మూడింటికి ఎదురుగా నాలుగు, అయిదింటికి ఎదురుగా ఆరు ఉండుట కనబడినది. ఆ జనుల లిపిని నిశ్చయముగా చదివినవారు ఇంతవరకు లేరు. వారి రాజు పేరెరుగము, వారి భాష యెరుగము. అయినను వారి పాచికను మన వీధి పిల్లవాని చేతిలో పెట్టినచో దానితో ఏమి చేయవలెనో వాడు మరుక్షణమున గ్రహించును. లిపి మూగవోయినను ఆట మాటాడుచునే యున్నది.

వేదకాలపు పాచిక వేరు. అది చెక్కినది గాదు, చెట్టున కాసినది. మనము త్రిఫల చూర్ణమున కరకకాయతోను ఉసిరికాయతోను కలుపు తానికాయయే ఆనాటి అక్షము. దానినే సంస్కృతమున విభీతకమందురు. ఋగ్వేదము పదియవ మండలమున ముప్పదినాలుగవ సూక్తము ఒక జూదరి గోడు. అత్త ద్వేషించుటయు, ఆలు త్రోసిపుచ్చుటయు, ఎక్కడనో తిరుగు కొడుకును తలచి తల్లి కుములుటయు, అప్పులవారికి వెరచి రాత్రివేళ పరుల యింటికి పోవుటయు అందు వర్ణింపబడినవి. ఇక ఆడనని ఒట్టు పెట్టుకొన్నవాడు, పాచికల చప్పుడు వినబడగానే మరల పరుగెత్తును. తుదకు దేవత వానికి చేయు హితబోధ యేమనగా, ఈ పనిని విడిచి నీ చేను దున్నుకొనుమని. మా నాయనమ్మ వేదము చదివినది కాదు. చదివియున్నచో ఆ ఋషి తమ యింటి సంగతి ఎట్లెరిగెనని ఆశ్చర్యపడియుండెడిది.

అట్లయినచో వేదకాలమునుండియు ఆట నింద్యమే గదా, నేను చేసినది సరియే గదా యని మీరనవచ్చును. నేనును కొంతకాలము అట్లే అనుకొంటిని. కాని ఆ తానికాయలాటను ఎట్లాడెడివారో చదివిన పిదప నాకు వేరొక సంగతి తోచినది.

కాయల రాసినుండి గుప్పెడు కాయలు తీసి, వానిని నాలుగేసి చొప్పున విడదీయవలెను. శేషము లేకున్న అది కృతము. మూడు మిగిలిన త్రేత. రెండు మిగిలిన ద్వాపరము. ఒకటి మిగిలిన కలి. కృతము పడినవాడు గెలిచినవాడు, కలి పడినవాడు ఓడినవాడు. పండితులు ఆ ఆటను ఇట్లు వివరించిరి. పాఠకులారా, ఈ నాలుగు పేర్లను మనము ఎక్కడ వినుచున్నాము? పురోహితుడు మన యింట సంకల్పము చెప్పునపుడు, దేశమును కాలమును నిర్దేశించుచు కలియుగమును పేర్కొనును. కలియుగమునకు 4,32,000 సంవత్సరములు. దానికి రెండింతలు ద్వాపరము, 8,64,000. మూడింతలు త్రేత, 12,96,000. నాలుగింతలు కృతము, 17,28,000. ఒకటి, రెండు, మూడు, నాలుగు! పాచికలాటలో శేషమునకు పెట్టిన పేర్లే కాలమునకు కొలతలైనవి. నాలుగును కూడినచో 43,20,000 సంవత్సరములు, అది మహాయుగము. మన పూర్వులు ఆటను ద్వేషించినవారే యైనచో, విశ్వకాలమునకు జూదపు పందెముల పేర్లు పెట్టియుందురా? ఛాందోగ్యోపనిషత్తులో రైక్వుని మహిమ చెప్పవలసివచ్చినపుడు కూడ ఈ ఉపమానమునే వాడిరి. కృతము పడినవానికి తక్కిన పందెములన్నియు చేరినట్లు, లోకులు చేయు మంచి యంతయు ఆ జ్ఞానికి చేరునట. నింద యొక ప్రక్కను, ఇట్టి గౌరవము మరియొక ప్రక్కను ఉన్నవన్నమాట. ఈ రెంటికి పొత్తు కుదుర్చుట యెట్లు?

ఇచ్చట నాకు మా వృత్తియే దారి చూపినది. భూమికి దస్తావేజు వ్రాయునపుడు తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అని నాలుగు హద్దులు వ్రాయుదుము. హద్దులు లేని భూమి తగవులకు మూలము. ఆటకును అట్టి నాలుగు హద్దులు గలవని నా యభిప్రాయము. మొదటిది చోటు. గడులు గీసిన మేరయే ఆట, దాని వెలుపల ఆట లేదు. రెండవది కాలము. ఆట మొదలగును, ముగియును, ముగిసిన పిదప అందరును ఇండ్లకు పోదురు. మూడవది నియమము. దానిని రాజు విధింపలేదు, ఆడువారే ఒప్పుకొనిరి. నాలుగవది పందెము. ఓడినవాడు ఏమి కోల్పోవును, ఎంతవరకు కోల్పోవును అనునది ముందుగా తెలిసియుండవలెను. ఈ నాలుగింటిలో దేనిని దాటినను ఆట ఆటగా మిగులదు.

ఈ హద్దులను చేతబట్టుకొని నన్నయభట్టు పదునొకండవ శతాబ్దమున తెనిగించిన సభాపర్వమును మరల చదివితిని. కౌరవసభలో నాలుగు హద్దులును ఒకటి వెంబడి ఒకటి కూలినవి. పందెము ఒడ్డినవాడు దుర్యోధనుడు, పాచిక వేసినవాడు శకుని. ఒకనికి బదులు మరియొకడాడుట సమముగా లేదని ధర్మరాజే ఆక్షేపించి, ఆక్షేపించియు ఆడెను. నియమపు హద్దు పోయినది. ధనము, రాజ్యము ముగిసిన పిదప తమ్ములను, తన్నును, తుదకు భార్యను ఒడ్డెను. పందెపు హద్దు పోయినది. ఆటతో సంబంధము లేక అంతఃపురమున నున్న ద్రౌపదిని సభకు ఈడ్చుకొనివచ్చిరి. చోటు హద్దు పోయినది. ధృతరాష్ట్రుడు వరములిచ్చి అంతయు తిరిగి ఇచ్చి పంపిన పిదప, దారినుండి వెనుకకు పిలిపించి మరల ఆడించిరి. కాలపు హద్దును పోయినది. పండ్రెండేండ్ల వనవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము, ఆపైన కురుక్షేత్రము. ఇది ఆటవలన వచ్చిన చేటని లోకులందురు. ఆటను చంపుటవలన వచ్చిన చేటని నేననుచున్నాను.

ఆ సభలో ఆటను ఆటగా చూచినవారు ఒక్కరే, ఆడని ద్రౌపది. ధర్మరాజు ముందు తన్ను ఓడెనా, నన్ను ఓడెనా యని ఆమె అడిగినది. తన్ను తాను ఓడినవానికి పరులను ఒడ్డు హక్కు ఎక్కడిదని దాని భావము. అది కన్నీటి ప్రశ్న మాత్రమే కాదు, లెక్కల ప్రశ్న. ఏ పద్దు ముందు, ఏ పద్దు వెనుక యని అడుగుట. పద్దుల వరుస తారుమారైనచో ఆవర్జా చెల్లదని సంఘపు గుమాస్తాకైనను తెలియును. భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని చెప్పి ఊరకుండెను.

సభాపర్వము చదివి పుస్తకము మూసినవాడు పాచికను శపించును. కాని భారతకర్త మనలను అంతటితో విడువలేదు. అరణ్యమున దుఃఖించు ధర్మరాజునకు బృహదశ్వుడను ముని నలుని కథ చెప్పెను. ఈ కథయు నన్నయ తెనిగించిన భాగములోనిదే. నలుని కలి ఆవేశించెను, తమ్ముడు పుష్కరుడు పాచికలతో అతని రాజ్యమును హరించెను. భార్యను అడవిలో విడిచి, రూపు మారి, బాహుకుడను పేర నలుడు అయోధ్యాధిపతి ఋతుపర్ణుని సారథి యయ్యెను. దమయంతి ద్వితీయ స్వయంవరమను వార్త విని ఇద్దరును విదర్భకు పోవుచుండగా, త్రోవలో ఒక చెట్టు కనబడినది. అదియును తాండ్రచెట్టే. ఋతుపర్ణుడు దానిని చూచి, రెండు కొమ్మలలో కాయలు రెండువేల తొంబదియైదు గలవనెను. నలుడు నమ్మక, రథము ఆపి, కాయలు లెక్కించెను. సరిగా అంతే యున్నవి! ఆ విద్య యేమని అడుగగా, అక్షహృదయమని రాజు చెప్పెను. పాచికల మర్మమును, సంఖ్యా జ్ఞానమును ఒక్కటేనని దాని తాత్పర్యము. నలుడు తన అశ్వహృదయమును ఇచ్చి ఆ విద్యను గ్రహించెను. గ్రహించినంతనే కలి అతని దేహమును విడిచి ఆ తాండ్రచెట్టునందే దాగెను.

నేను ఈ ఘట్టమును చదివిన రాత్రి నిద్రపోలేదు. నలుని దరిద్రునిగా చేసినది పాచిక. కలిని వదలగొట్టినది మంత్రము గాదు, ఔషధము గాదు, లెక్క. ఆ లెక్కయు పాచికనుండి పుట్టినదే. తరువాత నలుడు పుష్కరునితో ఆడి ఒక్క వేటున రాజ్యమును గెలుచుకొనెను. గెలిచి ఏమి చేసెను? తమ్ముని అడవికి తరుమలేదు. వాని భాగము వానికిచ్చి, ఆదరించి పంపెను. శకుని ఆటకును నలుని కడపటి ఆటకును భేదము ఇదియే. కథ ముగించి బృహదశ్వుడు ధర్మరాజునకు ఆ విద్యనే ఉపదేశించెను. విరాటుని కొలువున కంకుడను పేర రాజుతో పాచికలాడుచు ధర్మరాజు అజ్ఞాతవాసము గడుపుటను పదమూడవ శతాబ్దమున తిక్కన తెనిగించెను. నాశనము చేసిన ఆటయే, హద్దులలో నిలిచినపుడు, దాగుటకు నీడ యయ్యెను.

ఆటకు హద్దు వేయుట రాజులకును తెలిసిన విషయమే. కౌటిల్యుని అర్థశాస్త్రము తాళపత్ర ప్రతి 1905లో మైసూరున శ్యామశాస్త్రిగారి చేతికి వచ్చి, 1909లో అచ్చుపడినది. అందు మూడవ అధికరణము చివర ద్యూతాధ్యక్షుని విధులున్నవి. జూదమంతయు ఒకే చోట జరుగవలెను. పాచికలు అధ్యక్షుడే సమకూర్పవలెను. మోసగానికి దండన. గెలిచిన సొమ్మునందు నూటికి అయిదు రాజునకు చెల్లవలెను. మనువు ఇంకొక భేదము చూపెను. ప్రాణము లేని వస్తువులతో ఆడునది ద్యూతము, ప్రాణులతో ఆడించునది సమాహ్వయము. రెంటిని మాన్పుమని ఆయన రాజులకు చెప్పెను.

సమాహ్వయమునకు తెలుగువారికి ఉదాహరణము వెదకనక్కరలేదు. పండ్రెండవ శతాబ్దపు పల్నాటి యుద్ధమునకు కోడిపందెము కారణమైనట్లు వీరగాథ చెప్పుచున్నది. నాయకురాలు నాగమ్మ పక్షమును, బ్రహ్మనాయుని పక్షమును పుంజులను దింపిరి. ఓడినవారు ఏడేండ్లు దేశము విడిచి పోవలెనని ఒడంబడిక. కోడి ఓడినది, మనుష్యులు వలసపోయిరి, కడపట కారెంపూడి కదనమున వీరులు నేలగూలిరి. భారతకథకును దీనికిని పోలిక చూడుడు: ఆట, వలస, రణము. ఆ గాథలోనే బాలచంద్రుడు బొంగరములాడుచు కనబడును. బొంగరము తగిలిన కన్య పలికిన ఎత్తిపొడుపు మాట అతనిని ఆటనుండి యుద్ధభూమికి పంపినది. పందెమున ఒక కోడి తలపై దేశమునే పెట్టిన పెద్దలు, బొంగరము తప్ప మరేమియు ఎరుగని పిల్లవానిని బలిగొనిరి. ఇందు బొంగరపు దోషమేమున్నది?

ఇక సముద్రము దాటి చూతము. ఏలయన, ద్రౌపది ప్రశ్నవంటి ప్రశ్న యొకటి ఫ్రాన్సుదేశమున పుట్టి, అచ్చట దానికి బదులు దొరకినది. అది 1654వ సంవత్సరము. జూదమునందు ఆసక్తి గల ఒక ప్రభువు పారిసులోని పాస్కలు అను గణితజ్ఞునకు ఒక చిక్కు చెప్పెను. పాస్కలు దానిని గూర్చి తులూజు నగరమున నున్న ఫెర్మాతో ఉత్తరములు నడిపెను. చిక్కు ఇది: ఇద్దరు తలకు 32 నాణెములు ఒడ్డిరి. మూడు గెలుపులు ముందుగా పొందినవానికి మొత్తము 64 నాణెములు. ఒకనికి రెండు, రెండవవానికి ఒకటి అయినపుడు ఆట ఆగిపోయినది. సొమ్మును ఎట్లు పంచవలెను?

పాస్కలు తర్కమును మన పంచాయతీ పెద్దలకైనను సులభముగా చెప్పవచ్చును. ఇంకొక పాచిక వేసినట్లు భావింపుడు. మొదటివాడు గెలిచినచో 64ను అతనివే. ఓడినచో ఇద్దరును సమానులగుదురు, చెరి 32. అనగా ఓడినను గెలిచినను 32 అతనికి నిశ్చయము. మిగిలిన 32కు ఇద్దరికిని సమానావకాశము, కావున చెరి 16. మొదటివానికి 48, రెండవవానికి 16. ఇంకను జరుగని దానికి లెక్క కట్టుట ఇట్లు స్థిరపడినది. హైగెన్సు అను హాలెండు పండితుడు 1657లో దీనిపై గ్రంథము ప్రకటించెను. ఈ గణితమునకే నేడు సంభావ్యతా శాస్త్రమని పేరు. జీవిత బీమాలో ఏ వయసువాడు ఎంత కట్టవలెనను లెక్కకు ఆధారము ఇదియే. మన జీవిత బీమా సంస్థ 1956లో ఏర్పడినది. ఇంటి యజమాని గతించిన యింటికి బీమా సొమ్ము వచ్చినపుడు, దాని మూలము ఒక జూదరి అడిగిన ప్రశ్నయని ఎవరు తలతురు?

ఇంతకన్న సమీపమైన ఉదాహరణము మన పొలములోనే గలదు. కోతల కాలమున అధికారులు పంటకోత ప్రయోగమునకు వచ్చుట మీరెరిగినదే. నేను వారివెంట తాడును గుంజలును మోసిన దినములు గలవు. ఎవరి చేను కోయవలెనో ఎవరి సిఫారసువలనను నిర్ణయింపరు. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూచి సర్వే నంబరును ఎన్నుదురు. ఆ చేనిలో ఏ మూలనుండి ఎన్ని అడుగులు వేయవలెనో కూడ అట్టి సంఖ్యయే చెప్పును. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల చదరము కొలిచి, అందలి పైరు కోసి, నూర్చి, తూచి, దానినిబట్టి ఆ ప్రాంతపు దిగుబడిని కట్టుదురు. బాగుగా పండిన మడి చూపుమని ఒకడు, ఎండిన మడి చూపుమని ఒకడు బలవంతపెట్టిన సందర్భములు నేనెరుగుదును. పాచిక ఎవరి బంధువును కాదు. అందుచేతనే దాని మాట న్యాయము. రెండు కొమ్మలు చూచి కాయల లెక్క చెప్పిన ఋతుపర్ణుని విద్యకు ఇది దూరపు చుట్టము. ఈ గణాంక విద్యయందు లోకప్రసిద్ధి గన్నవారిలో మన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఒకరు. 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో పరిశోధన చేసి, 2023లో నూటరెండవ యేట దివంగతులైరి.

ఇంతవరకు ఆటవలన కలిగిన లాభములను చెప్పితిని. కాని లాభముకొరకే ఆట యనినచో అదియును పొరపాటే. ఆటకు మొదటి గుణము, ఊరకే ఆడుట. హాలెండు చరిత్రకారుడు హొయిజింగా 1938లో ప్రకటించిన గ్రంథమున, మనుష్యుని ఆడు ప్రాణిగా నిరూపించి, ధర్మాసనము, కవిత్వము, పూజ మున్నగునవి ఆటయొక్క రూపముననే మొదట వికసించినవని వాదించెను. మన వేదాంతులు ఇంకను ముందుకు పోయిరి. పరమేశ్వరునకు ఏ కొరతయు లేదు గదా, మరి జగత్తును ఎందుకు సృజించెనని బ్రహ్మసూత్రములలో ప్రశ్న వచ్చినది. లీలగా సృజించెనని సమాధానము. కోరిక తీరినవాడు పని చేయడు, ఆడును. ఇంత పెద్ద ప్రశ్నకు ఇంత చిన్న మాటతో బదులు చెప్పిన జాతి, ఆటను అల్పముగా ఎంచినదనుట తగదు.

మన ఆడపిల్లలు చింతగింజలతో ఆడిన వామనగుంటలను చూడుడు. గుంటలలో గింజలు పంచుచు పోయెడి ఆ ఆటలో కూడికయు, పంపకమును, ముందుచూపును గలవు. పాత దేవాలయముల మంటపపు రాళ్ళమీద పులిజూదపు గీతలు నేటికిని కనబడును. పులికి బలము, మేకకు సంఖ్య. మేకలు కలిసికట్టుగా నిలిచినచో పులి కదలలేదని ఆ గీతలు ఎందరు నిరక్షరులకు రాజనీతి నేర్పినవో! మన దేశమున చతురంగమను పేర పుట్టిన ఆట పారసీకము, అరబ్బుదేశములు దాటి ఐరోపాకు పోయి, లోకమంతటిని జయించినది. గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి పదునైదవ యేటనే, 2002లో, గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందినది. ఆ బాలికకు ఇంటిలో బల్ల ముందు చోటు దొరకినది. దొరకని పిల్లలు ఎందరో! ఆ యెందరిలో మన యూరివారును ఉండవచ్చునని తలచునపుడు, నా మనస్సు బీరువా వెనుకకు పోవుచున్నది.

ఆటలోనుండి పందెమే ఆటను మ్రింగుట నేడు కొత్త రూపమున వచ్చినది. పూర్వము జూదమునకు సభకు పోవలెను. ఇప్పుడు సభయే జేబులోనికి వచ్చినది. ఫోనులో ఆడు పందెపు ఆటకు చోటు లేదు, రాత్రి పగలు లేదు, ఎదుట కూర్చున్నవాని ముఖము లేదు, పందెమునకు మేర లేదు. నేను చెప్పిన నాలుగు హద్దులును ఒక్క మారుగా లేని ఆట అది. 2025లో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టము చేసి, పందెము లేని ఆటలను ప్రోత్సహింపవలెననియు అందే చెప్పినది. చట్టము మంచిదే. అయినను ఆడవలదని చెప్పిన మాత్రమున మనుష్యుడు ఆడుట మానడని ఋగ్వేదపు జూదరియే సాక్షి. ఆటకు మంచి చోటు చూపనివాడు చెడ్డ చోటును మూయజాలడు.

ఇక నా లెక్క ముగించెదను. మా తాతగారి భూమిని తిన్నది ఆట కాదు, హద్దులేని పందెము. భూమికి నాలుగు హద్దులు అంత చక్కగా వ్రాసిన ఆయన, ఆటకు హద్దు వ్రాసికొనలేకపోయెను. మా తండ్రిగారు ఆ రెంటికి భేదమెంచక, పిల్లల అష్టాచెమ్మను చెరిపించిరి. నేను వారి బాటనే నడిచి, వసారాలోని బల్లలను వెనుకకు పంపితిని. గ్రంథాలయపు హాజరు పుస్తకము నా చేతిలోనిదే. బల్లలు పోయిన పిదప సాయంకాలపు సంతకములలో యువకుల పేర్లు పలుచబడినవి. ఆ యువకులు నేడు సంసారులు, పట్టణములలో ఉద్యోగులు. వారిలో ఒకడు సెలవులకు వచ్చినపుడు నాకు నమస్కరించి, నవ్వుచు, "బాబాయిగారూ, మా బంటు నింకను మీ బీరువా వెనుకనే నిలిచియున్నాడు" అనెను. దానికి నావద్ద బదులు లేకపోయెను.

కావున ఈ రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి నా మనవి ఒకటి. ఆ బల్లలను దుమ్ము దులిపి వసారాలో పెట్టింపుడు. ప్రక్కనే నాలుగు హద్దులు పలకమీద వ్రాయింపుడు: ఆట వసారాలోనే, దీపములు ఆర్పువరకే, నియమము ప్రకారమే, పందెము లేకుండ. కొత్త పావులకు కావలసిన సొమ్మును నా స్వంత పద్దున వ్రాసికొందును. ఆడ వచ్చిన పిల్లవాడు చదరంగమున ఓడిన సాయంకాలమైనను లోపలికి వచ్చి ఒక పుస్తకము తీయకపోడు. తీసినవాడు ఏదో ఒకనాడు నలుని కథకు చేరకపోడు. పదునైదేండ్ల క్రిందట సభలో నెగ్గినది నా మాట. ఈ ఆటలో ఓడినది నేనేనని ఒప్పుకొనుచు, గెలిచినవారిని నలుడు పుష్కరుని ఆదరించినట్లు నన్ను ఆదరింపవలసినదిగా కోరుచున్నాను.

స్వస్తి.